నిప్పుతో పని ఉన్న గ్రంథి: థైరాయిడ్, మెలటోనిన్



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో ఆ గురువుగారు మాకు మొదటి సంవత్సరంలో ఫిజియాలజీ చెప్పారు. థైరాయిడ్ పాఠంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ మాట రాగానే ఆయన చెప్పడం ఆపేసేవారు. పుండ్లు కడగడానికీ జుట్టు రంగు పోగొట్టడానికీ వాడే ఆ ద్రవాన్ని ఒక బతికున్న కణం తనంతట తాను ఎందుకు తయారుచేసుకుంటుందని మమ్మల్ని అడిగేవారు. జవాబు మాత్రం మాకే వదిలేసేవారు. ఆయన్ను తలుచుకోవడానికి ఆ ప్రశ్న పట్టుకుని నడవడం కన్నా మంచి దారి నాకు తోచలేదు.

ఈమధ్య ఆ ప్రశ్నకు ఇంకొకటి తోడైంది. ‘థైరాయిడ్‌కి మెలటోనిన్ మంచిదట కదండీ, యాంటీ ఆక్సిడెంట్ అట కదా’ అని అడిగేవాళ్ళు పెరిగారు. వాళ్ళలో రోగులూ ఉన్నారు, వైద్యులూ ఉన్నారు. ఔనని చెప్పినా, కాదని చెప్పినా అబద్ధమే అవుతుంది. ఆక్సీకరణం శత్రువు, దాన్ని ఆపేది మిత్రుడు అన్న లెక్క శరీరంలో చాలాచోట్ల సుమారుగా సరిపోతుందేమో గాని, థైరాయిడ్ దగ్గర చెల్లదు. ఇక్కడ ఏ పదార్థమైనా ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ఏ వేళకు ఉంది అన్నదాన్ని బట్టే మంచిదో చెడ్డదో అవుతుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచింది ఇంతే. మిగతాదంతా దానికి సాక్ష్యం.

ముందు గ్రంథి సంగతి చూద్దాం. గొంతు ముందువైపు, స్వరపేటికకు కాస్త కింద, శ్వాసనాళాన్ని రెండువైపులా కరుచుకుని ఉండే ఈ గ్రంథి బరువు పెద్దవాళ్ళలో 15 నుంచి 25 గ్రాములు. దీని లోపల చిన్న చిన్న బుడగల్లాంటి ఫాలికిల్స్ ఉంటాయి. ఒక్కో బుడగ చుట్టూ ఒకే వరుస కణాలు, మధ్యలో కొల్లాయిడ్ అనే చిక్కటి ద్రవం. ఆ కణాలు రక్తంలోంచి అయోడైడ్‌ను లాక్కుని, కొల్లాయిడ్ వైపుకు తోస్తాయి. అక్కడ థైరోగ్లోబ్యులిన్ అనే పెద్ద ప్రొటీను సిద్ధంగా ఉంటుంది. అయోడైడ్ ఉన్నపళాన దానికి అతుక్కోదు. ముందు అది ఆక్సీకరణం చెందాలి. ఆ పని థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనే ఎంజైముది. ఆ ఎంజైముకు కావలసిన ఇంధనమే హైడ్రోజన్ పెరాక్సైడ్.

అంటే 1914 క్రిస్మస్ రోజున మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ స్ఫటికాలుగా వేరుచేసిన థైరాక్సిన్, దాదాపు పన్నెండేళ్ళ తరువాత ఛార్లెస్ హారింగ్టన్ నిర్మాణం తేల్చిన అదే థైరాక్సిన్, పెరాక్సైడ్ లేకపోతే పుట్టదు. ఆ పెరాక్సైడ్‌ను తయారుచేసే ఎంజైము డ్యుయాక్స్ 2. ఈ శతాబ్దం మొదలయ్యే వేళకు పారిస్, బ్రస్సెల్స్ ప్రయోగశాలలు దాని జన్యువును గుర్తించాయి. 2002లో ఆమ్‌స్టర్‌డామ్ బృందం ఆ జన్యువు దెబ్బతిన్న పిల్లలను వర్ణించింది. జన్యువు రెండు ప్రతులూ పాడైతే పుట్టుకతోనే తీవ్రమైన హైపోథైరాయిడిజం. ఒక్కటే పాడైతే కొన్ని నెలలపాటు ఉండి సర్దుకునే తేలిక రూపం. పుట్టిన బిడ్డ మడమ నుంచి చుక్క రక్తం తీసి చేసే పరీక్షలో ఇలాంటి పిల్లలు దొరుకుతారు. గురువుగారి ప్రశ్నకు ప్రకృతి ఇచ్చిన సమాధానం ఇది. ఆ ప్రమాదకర పదార్థం లేకపోతే బిడ్డ మెదడు ఎదగదు.

ఇక ఆ ప్రమాదాన్ని కణం ఎలా మోస్తుందో చూడాలి. పెళ్ళివంటకు గాడిపొయ్యి పెరట్లో తవ్వుతారు, నట్టింట్లో కాదు. థైరాయిడ్ కణం చేసే ఏర్పాటు కూడా అదే. డ్యుయాక్స్, పెరాక్సిడేజ్ రెండూ కణం పైపొర మీద కొల్లాయిడ్ వైపుకు తిరిగి ఉంటాయి. పెరాక్సైడ్ తయారయ్యేదీ ఖర్చయ్యేదీ ఇంటి బయటే. కాని పెరాక్సైడ్ చిన్న అణువు, కణపొరల్లోంచి లోపలికి జొరబడగలదు. పైగా కణం లోపలే దాన్ని పుట్టించే నాక్స్ 4 లాంటి ఎంజైములు వేరే ఉన్నాయి. అలా లోపలికి చేరినప్పుడు అక్కడ ఫెర్రస్ రూపంలో ఇనుము తారసపడిందంటే, 1894లో కేంబ్రిడ్జిలో హెన్రీ ఫెంటన్ టార్టారిక్ ఆమ్లంతో చేసిన ప్రయోగంలో కనిపించిన చర్యే జరుగుతుంది. పెరాక్సైడ్ విరిగి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. శరీరంలో దాన్ని ఏరిపారేసే ఎంజైము అంటూ లేదు. పుట్టిన చోటనే, పక్కన ఏముంటే దానిని కొడుతుంది. కొవ్వు ఉంటే కణపొర చెడుతుంది, డీఎన్ఏ ఉంటే తెగుతుంది. థైరాయిడ్ కణాల్లో పెరాక్సైడ్ వల్ల డీఎన్ఏ ఒంటిపోగు, జంటపోగు రెండు రకాలుగానూ తెగుతుందని 2009లో బ్రస్సెల్స్ పరిశోధకులు చూపారు. థైరాయిడ్‌లో గడ్డలు ఇంత ఎక్కువగా కనిపించడానికి ఈ రసాయన వాతావరణం ఒక కారణమని జర్మనీలోని లైప్‌జిగ్ బృందం చాలాకాలంగా వాదిస్తోంది. నాకు ఆ వాదన బలంగానే కనిపిస్తుంది.

కాబట్టి కాపలా లేకుండా ఈ గ్రంథి బతకదు. గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్‌లు, కెటలేజ్, పెరాక్సిరెడాక్సిన్‌లు ఆ కాపలాదారులు. వీటిలో మొదటి రకానికి సెలీనియం కావాలి. గ్రాముకు ఎంత సెలీనియం అని లెక్కవేస్తే శరీరంలో థైరాయిడ్‌దే అగ్రస్థానం. ఇక్కడ ఒక కథ చెప్పాలి. యాంటీ ఆక్సిడెంట్ అనగానే చెయ్యిచాచే వాళ్ళందరూ వినవలసిన కథ.

ఆఫ్రికా మధ్యభాగంలో, అప్పట్లో జైర్ అని పిలిచిన దేశంలో, కొన్ని ప్రాంతాల మట్టిలో అయోడిన్, సెలీనియం రెండూ తక్కువ. అక్కడి పిల్లల్లో థైరాయిడ్ ఉబ్బడమే కాదు, చాలామందిలో అది పీచుకట్టి కుంచించుకుపోయి, ఎదుగుదల నిలిచిన క్రెటినిజం కనిపించేది. బెల్జియం వైద్యులు కొంతకాలం సెలీనియం ఇచ్చి చూశారు. కాపలాదారుకు బలం ఇస్తే గ్రంథి నిలదొక్కుకుంటుందన్నది సహజమైన ఊహ. 1991లో వాళ్ళు ప్రచురించిన ఫలితం దానికి ఎదురుగా ఉంది. అయోడిన్ ఇవ్వకుండా సెలీనియం మాత్రమే ఇస్తే, అప్పటికే థైరాయిడ్ దెబ్బతిన్న పిల్లల రక్తంలో థైరాక్సిన్ ఇంకా పడిపోయింది. ఎందుకంటే, థైరాక్సిన్‌ను విడగొట్టి ఖర్చుచేసే డీఅయోడినేజ్ ఎంజైముకు కూడా సెలీనియమే కావాలి. ఉన్న కాస్త హార్మోను త్వరగా కరిగిపోయింది. ముందు అయోడిన్, తరువాత సెలీనియం అన్న క్రమం అక్కడి నుంచి వచ్చింది. మంచి పదార్థమే. వరస తప్పినందువల్ల చెడు చేసింది.

ఇప్పుడు మెలటోనిన్ దగ్గరికి వద్దాం. మెదడు నడిమధ్యలో బఠాణీ గింజకన్నా చిన్నదైన పీనియల్ గ్రంథి ఉంది. 1649లో అచ్చయిన పుస్తకంలో దెకార్త్ దాన్ని ఆత్మకు ఆసనమన్నాడు. మనవాళ్ళలో కొందరు దాన్ని చూపించి మూడోకన్ను అంటారు. కప్పల్లో, కొన్ని బల్లుల్లో పీనియల్‌కు చెందిన భాగం నిజంగానే వెలుగును పట్టుకుంటుంది కాబట్టి ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు. మన పీనియల్ మాత్రం వెలుగును నేరుగా చూడదు. కంటి రెటీనా పట్టిన వెలుగు సంకేతం హైపోథాలమస్‌లోని గడియారం మీదుగా మెడదాకా వెళ్ళి, చుట్టుతిరిగి వస్తేనే దానికి పగలో రాత్రో తెలుస్తుంది.

1917లో మెకార్డ్, అలెన్ అనే ఇద్దరు పీనియల్ సారాన్ని కప్పపిల్లలకు పెడితే వాటి చర్మం తెల్లబడిందని రాశారు. నలభై ఏళ్ళ తరువాత యేల్ విశ్వవిద్యాలయంలో చర్మవైద్యుడు ఏరన్ లెర్నర్ ఆ కాగితం పట్టుకున్నాడు. ఆయన ధ్యాస బొల్లి మీద, చర్మవర్ణం మీద. కబేళాల నుంచి పశువుల పీనియల్ గ్రంథులు కుప్పలు తెప్పించి, ఏళ్ళ తరబడి వడకట్టి, 1958లో ఆ పదార్థాన్ని వేరుచేసి మెలటోనిన్ అని పేరుపెట్టాడు. మరుసటి ఏడాది దాని నిర్మాణం తేల్చాడు. కప్ప చర్మాన్ని అంత చురుగ్గా తెల్లబరిచే ఆ పదార్థం మనిషి చర్మం రంగును మార్చలేదు. తీసుకున్నవాళ్ళకు కాస్త మగతగా అనిపించిందంతే. మెలటోనిన్ చరిత్రలో మొదటి అధ్యాయమే ఒక జీవిలో కనిపించింది ఇంకో జీవిలో కనిపించకపోవడం. దీన్ని గుర్తుంచుకుంటే తరువాతి అధ్యాయాలు చదవడం తేలికవుతుంది.

చీకటి పడ్డాక ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి, సెరొటోనిన్ మీదుగా, పీనియల్ దీన్ని తయారుచేస్తుంది. రాత్రి రెండు, నాలుగు గంటల మధ్య రక్తంలో ఎక్కువగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో మిల్లీలీటరుకు 60, 70 పికోగ్రాముల చుట్టుపక్కల. పగలు పదికి లోపే. వయసుతోపాటు తగ్గుతుంది. గంటలోపే సగం కరిగిపోతుంది.

1993లో టాన్ దున్‌షియాన్, రసెల్ రైటర్ తదితరులు అమెరికాలోని శాన్ ఆంటోనియో నుంచి ఒక చిన్న పరిశోధనపత్రం ప్రచురించారు. మెలటోనిన్ హైడ్రాక్సిల్ రాడికల్‌ను నేరుగా పట్టేస్తుందన్నది దాని సారం. రాడికల్‌కు ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేసి శాంతపరుస్తుంది. ఇచ్చాక మిగిలిన మెలటోనిన్ ముక్కలు కూడా మరికొన్ని రాడికల్స్‌ను పట్టగలవు. విటమిన్ సి లాంటివి ఎలక్ట్రాన్ ఇచ్చాక మళ్ళీ కోలుకుని వచ్చి, ఇనుము దగ్గర తామే కొత్త చిక్కు తెచ్చిపెట్టే అవకాశం ఉంది. మెలటోనిన్ అలా వెనక్కి రాదు. కొవ్వులోనూ నీటిలోనూ కలుస్తుంది కాబట్టి కణంలో ఏ మూలకైనా చేరుతుంది. అంతేకాక కాపలా ఎంజైముల తయారీని పెంచుతుందని చాలా జంతు ప్రయోగాలు చూపాయి. బాక్టీరియాలో, ఏకకణ జీవుల్లో, మొక్కల్లో కూడా మెలటోనిన్ దొరుకుతుంది కాబట్టి, రాత్రిని ప్రకటించే ఉద్యోగం దీనికి తరువాత వచ్చిందనీ, మొదటి ఉద్యోగం ఈ రాడికల్స్ కాపలాయేననీ రైటర్ బృందం అంటుంది. అందమైన ఊహ. రుజువు చేయడం మాత్రం కష్టం.

ఈ రెండు కథలూ, పెరాక్సైడ్‌తో బతికే గ్రంథిదీ హైడ్రాక్సిల్‌ను పట్టే హార్మోనుదీ, ఒకచోట కలవడం తప్పదు. అవి గట్టిగా కలిసిన ఊరు పోలండ్‌లోని లోజ్. ఒకప్పటి బట్టల మిల్లుల నగరం. అక్కడి వైద్య విశ్వవిద్యాలయంలో ఆంజెయ్ లెవిన్స్కీ, మల్గొజాతా కర్బోవ్నిక్ లెవిన్స్కా ఇద్దరూ దశాబ్దాలుగా ఈ ప్రశ్న మీదే కూర్చున్నారు. పద్ధతి చాలా సాదా. కబేళా నుంచి పంది థైరాయిడ్ తెచ్చి, చల్లగా ఉంచి, నూరి గుజ్జు చేస్తారు. దానిలో ఫెర్రస్ సల్ఫేటు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి ఫెంటన్ చర్యను రగిలిస్తారు. కొవ్వులు ఎంత చెడ్డాయో, చెడ్డప్పుడు పుట్టే మాలాన్‌డైఆల్డిహైడ్ లాంటివాటిని కొలిచి తెలుసుకుంటారు. ఒక గిన్నెలో మెలటోనిన్ ఉంటుంది, ఒకదానిలో ఉండదు. మెలటోనిన్ ఉన్న గిన్నెలో నష్టం తగ్గిందని 2003లో రాశారు. తరువాత ఇనుము బదులు పొటాషియం బ్రోమేటు పెట్టి చూశారు. ఆ పరీక్షలో మెలటోనిన్ పక్కన ఇండోల్ ప్రొపియోనిక్ ఆమ్లాన్నీ, థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బుకు వాడే ప్రొపైల్ థయోయురసిల్‌నూ నిలబెట్టారు. ఆ మందు థైరాయిడ్ హార్మోను తయారీని ఆపడమే కాకుండా రాడికల్స్‌ను కూడా కొంత పడుతుందన్నది వైద్య విద్యార్థులకు పాఠంలో సాధారణంగా చెప్పని సంగతి.

నాకు ఈ పనిమీద గౌరవం ఉంది. పద్ధతి సూటిగా ఉంది, కొలత స్పష్టంగా ఉంది, చెప్పినంత మేరకు నిజం చెబుతుంది. ఎంత మేరకు అన్నదే మనం గమనించుకోవాలి. ఆ గిన్నెల్లో మెలటోనిన్ మిల్లీమోలార్ గాఢతల్లో ఉంటుంది. మన రక్తంలో అర్ధరాత్రి వేళ కూడా ఉండేది నానోమోలార్‌లో మూడో వంతు. రెండింటికీ మధ్య తేడా లక్షల రెట్లు. 3 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే, కాలేయం మొదటిసారే చాలామటుకు కొట్టేసినా, రక్తంలో స్థాయి రాత్రిస్థాయికి పదుల రెట్లు పెరుగుతుంది. అప్పటికీ గిన్నెలోని గాఢతలో పదివేల వంతుకు చేరదు. అది చచ్చిన కణజాలం. బతికున్న థైరాయిడ్‌లో కాపలా ఎంజైములు అప్పటికే పనిలో ఉంటాయి. ఆ గిన్నె ‘చేయగలదా’ అన్న ప్రశ్నకు జవాబిస్తుంది. ‘మీ ఒంట్లో చేస్తోందా’ అన్న ప్రశ్నకు మౌనంగా ఉంటుంది.

ఇదే బృందం ఈమధ్య తీసుకున్న ఇంకో ప్రశ్న మన వంటింటిదాకా వస్తుంది. ఉప్పులో అయోడిన్ రెండు రకాలుగా కలపవచ్చు: పొటాషియం అయోడైడ్, పొటాషియం అయోడేట్. అయోడేట్ స్వయంగా ఆక్సీకరణకారి. పంది థైరాయిడ్ గుజ్జులో అది కొవ్వులను పాడుచేసిందనీ, మెలటోనిన్ ఆ నష్టాన్ని తగ్గించిందనీ 2021లో ప్రచురించారు. మనదేశంలో ఉప్పులో కలిపేది అయోడేటే. తేమ ఎక్కువ, ఉప్పు అంత శుద్ధి కాదు, అయోడైడ్ నిలవదు. కాబట్టి అయోడేట్. ఈ ఒక్క ముక్కను విడదీసి ఎవరైనా ఫోన్లలో తిప్పితే ‘ఉప్పు విషం’ అన్న మాట రేపటికల్లా ఊరంతా పాకుతుంది. అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

ఈ దేశంలో ఉప్పులో అయోడిన్ వేయడం వెనక ఒక తెలుగువాడు ఉన్నాడు. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్ వెళ్ళివచ్చి, పదేళ్ళు ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరుగా ఉండి, ఆపైన భారత వైద్య పరిశోధన మండలిని నడిపిన వులిమిరి రామలింగస్వామి. 1956లో ఆయన బృందం హిమాలయాల పాదాన కాంగ్రా లోయకు వెళ్ళింది. అక్కడ మూడోవంతు జనానికి పైగా గొంతుకింద థైరాయిడ్ ఉబ్బు, అంటే గాయిటర్. లోయను మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి అయోడైడ్ కలిపిన ఉప్పు, ఇంకో భాగానికి అయోడేట్ కలిపిన ఉప్పు, నడుమ భాగానికి మామూలు ఉప్పు. ఆరేళ్ళకు అయోడిన్ ఉప్పు తిన్న రెండు భాగాల్లోనూ గాయిటర్ దాదాపు సగానికి దిగింది. మామూలు ఉప్పు తిన్నచోట ఎక్కడిదక్కడే ఉంది. తరువాత ఆ భాగానికి కూడా అయోడిన్ ఉప్పు ఇచ్చారు. 1962లో మొదలైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి ఆధారం ఆ లోయే. గమనించారా, అయోడైడ్, అయోడేట్ రెంటినీ పక్కపక్కన పెట్టి, గిన్నెలో కాకుండా లక్షమంది బతుకుల్లో చూశారు. రెండూ పనిచేశాయి.

లెక్క కూడా చూద్దాం. మన చట్టం ప్రకారం ఇంటికి చేరే ఉప్పులో గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలి. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250. పొట్టలోకి వెళ్ళిన అయోడేట్ చాలా త్వరగా అయోడైడ్‌గా మారిపోతుంది. థైరాయిడ్‌కు అందేది ఆ రూపమే. గుజ్జు గిన్నెలో పెట్టిన అయోడేట్ గాఢతకు, భోజనం తరువాత రక్తంలో ఉండగల దానికి పోలిక లేదు. లోజ్ పరిశోధకులు అడుగుతున్న ప్రశ్న న్యాయమైనదే: ఎక్కువైన అయోడిన్ థైరాయిడ్‌లో ఆక్సీకరణాన్ని పెంచుతుందా? పెంచుతుంది. తక్కువైన అయోడిన్ కూడా, గ్రంథిని అదేపనిగా పెరాక్సైడ్ చేయమని, దాన్ని ప్రేరేపించే పిట్యూటరీ హార్మోను టీఎస్‌హెచ్ ద్వారా తరమడం వల్ల, పెంచుతుంది. ఉప్పు మానేస్తే ఆక్సీకరణం తప్పుతుందనుకోవడం అందుకే పొరపాటు.

పోలండ్ అయోడిన్ గురించి ప్రపంచానికి ఇంకో పాఠం కూడా ఇచ్చింది. 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ పేలాక, ఆ దేశం రోజుల వ్యవధిలో కోటికి పైగా పిల్లలకు, డెబ్బై లక్షల మంది పెద్దలకు పొటాషియం అయోడైడ్ తాగించింది. రేడియోధార్మిక అయోడిన్ గ్రంథిలోకి రాకుండా మామూలు అయోడిన్‌తో చోటు నింపేశారు. అంత మోతాదు వల్ల నవజాత శిశువుల్లో వెయ్యికి నలుగురిలోపు పిల్లలకే టీఎస్‌హెచ్ తాత్కాలికంగా పెరిగింది. రోజువారీ ఉప్పులో అందేదానికన్నా వందల రెట్లు ఎక్కువైన మోతాదు, సరైన వేళకు ఒకే ఒక్కసారి ఇస్తే కాపాడింది.

మెలటోనిన్, థైరాయిడ్ పరిచయం రాడికల్స్‌తో మొదలవలేదు. అంతకు ముందే లెవిన్స్కీ బృందం ఎలుకలలో పీనియల్ తీసేస్తే థైరాయిడ్ కణాల విభజన పెరుగుతుందనీ, మెలటోనిన్ ఇస్తే తగ్గుతుందనీ చూపింది. గొర్రెల్లో అయితే సంబంధం ఇంకా లోతైనది. రాత్రులు పొడుగో పొట్టో మెలటోనిన్ చెబుతుంది. పిట్యూటరీ పైభాగం అది విని టీఎస్‌హెచ్‌ను మెదడు వైపుకే పంపుతుంది. అక్కడ స్థానికంగా థైరాయిడ్ హార్మోను చురుకైన రూపానికి మారి, ఎద రుతువును మలుపు తిప్పుతుంది. నాగోయాలో యోషిమురా బృందం కౌజుపిట్టల్లో ఈ గొలుసును బయటపెట్టింది. పిట్టల్లో వెలుగు మెదడుకే నేరుగా చేరుతుంది, క్షీరదాల్లో మధ్యవర్తి మెలటోనిన్. ఏడాదంతా పిల్లలు కనే మనకు ఆ గొలుసు ఎంతవరకు మిగిలి ఉందో చెప్పడం తేలిక కాదు.

స్పెయిన్‌లోని సెవిల్ పరిశోధకులు 2015లో ఇంకో ముక్క కలిపారు. థైరాయిడ్‌లోనే, ఫాలికిల్స్ పక్కన ఉండే సీ కణాలు మెలటోనిన్‌ను తయారుచేయగలవని, టీఎస్‌హెచ్ దాన్ని ప్రభావితం చేస్తుందని. ఇది నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. పీనియల్ నుంచి రక్తంలో వచ్చేది బహుశా ‘రాత్రి అయింది’ అన్న కబురు మాత్రమే. కాపలాకు కావలసినది గ్రంథి తనకుతానే, పక్కింటి కణంతో, అవసరమైనంత చేయించుకుంటోందేమో. అదే నిజమైతే బయటనుంచి మాత్ర మింగి దానికి సాయం చేయడమన్న ఆలోచనకు పట్టు తగ్గుతుంది.

ఇంతవరకు మెలటోనిన్ కాపలాదారు. ఇప్పుడు అదే మెలటోనిన్ వేషం మార్చుతుంది. 2018లో చైనా పరిశోధకులు థైరాయిడ్ క్యాన్సర్ కణాలకు మెలటోనిన్ పెట్టారు. ఆ కణాల్లో ఆక్సీకరణం తగ్గలేదు, పెరిగింది. కణాలు చచ్చాయి. రేడియేషన్‌కు లొంగని కణాలు లొంగడం మొదలుపెట్టాయి. ఎలుకల్లో కూడా కణితి పెరుగుదల తగ్గింది. మామూలు కణంలో రాడికల్స్‌ను ఆర్పే పదార్థమే క్యాన్సర్ కణంలో వాటిని రగిలించింది. మైటోకాండ్రియా నడక, ఇనుము నిల్వ, ఎన్ఎఫ్ కప్పా బి అనే స్విచ్చు స్థితి వేరువేరుగా ఉండటం వల్ల ఇలా జరుగుతుండవచ్చు. ‘యాంటీ ఆక్సిడెంట్’ అన్నది పదార్థానికి పుట్టుకతో వచ్చిన కులం కాదు, ఆ చోట ఆ పూట చేస్తున్న పని పేరు.

ఇక మాత్రల మాట. అమెరికాలో 1994 చట్టం తరువాత మెలటోనిన్ ఆహార అనుబంధంగా కిరాణా కొట్లలో దొరుకుతుంది. అక్కడి మన పిల్లలు వచ్చేటప్పుడు సూట్‌కేసులో బాదంపప్పుతోపాటు ఆ సీసాలూ తెస్తారు, అమ్మకు నిద్ర పట్టడం లేదని. సీసా మీద రాసినదీ లోపల ఉన్నదీ ఒకటేనని నమ్మకండి. 2017లో కెనడాలో 31 రకాలు పరీక్షిస్తే, లేబుల్ మీద చెప్పినదానికన్నా 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువదాకా తేలింది. నాలుగోవంతు రకాల్లో సెరొటోనిన్ కూడా ఉంది. 2023లో అమెరికాలో నమిలే గమ్మీలు 25 చూస్తే 22 లెక్క తప్పాయి. యూరప్‌లో 2 మిల్లీగ్రాముల నెమ్మదిగా కరిగే మాత్రను 55 ఏళ్ళు దాటినవాళ్ళ నిద్రలేమికి వైద్యుడి చీటీమీద ఇస్తారు. థైరాయిడ్ జబ్బుకు దీన్ని మందుగా సిఫారసు చేసే ప్రామాణిక మార్గదర్శకం లేదు. హషిమోటో, గ్రేవ్స్ లాంటి రోగనిరోధక జబ్బులున్నవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. మెలటోనిన్ రోగనిరోధక కణాలను ఉసికొల్పగలదు, అక్కడ జబ్బే అవి ఎక్కువగా ఉసిగొలపబడటం. పరగడుపున వేసుకునే థైరాక్సిన్ మాత్రను మానేసి దీనిమీద ఆధారపడదామనుకునేవాళ్ళు ఎదురైతే, ఆ మాత్రకు ఈ మాత్ర బదులు కాదని ఓపిగ్గా చెప్పండి. కసురుకోవద్దు. నిద్రలేనివాళ్ళు ఏ కొమ్మ దొరికినా పట్టుకుంటారు.

మనుషుల్లో రుజువు ఎలా ఉండాలో ఒక నమూనా మన ముందే ఉంది. గ్రేవ్స్ జబ్బులో కళ్ళు ఉబ్బే స్థితికి యూరప్ కేంద్రాలు కలిసి 159 మందిమీద సెలీనియం పరీక్షించాయి. రోజుకు రెండుసార్లు 100 మైక్రోగ్రాములు, ఆరు నెలలు, పక్కన ఉత్తుత్తి మాత్ర. 2011లో వచ్చిన ఫలితం తేలికపాటి జబ్బులో మేలు కనిపించిందని. అక్కడ కూడా సెలీనియం సరిపోని మట్టి ఉన్న ప్రాంతాలవారు ఎక్కువన్న మాట తరువాత చర్చకు వచ్చింది. ఆక్సీకరణ కథను గిన్నె నుంచి రోగిదాకా తీసుకురావడం అంటే ఇలా: మోతాదు, వ్యవధి, పోలిక, జనం ఎవరన్న వివరం.

మెలటోనిన్‌కు అలాంటి పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలని విద్యార్థులు అడిగితే నేను రేడియో అయోడిన్ చికిత్స గది వైపు చూపిస్తాను. 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ మొదలుపెట్టిన ఈ చికిత్సలో రేడియేషన్ నీటిని చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్స్‌నే పుట్టిస్తుంది. లాలాజల గ్రంథులు దెబ్బతిని, నోరు ఎండిపోవడం రోగులు చెప్పే పెద్ద బాధ. మెలటోనిన్ లాలాజల గ్రంథిని కాపాడితే మంచిదే. కాని అదే మెలటోనిన్ మనం చంపదలచిన థైరాయిడ్ కణాన్ని కూడా కాపాడేస్తే? లేక 2018 ఫలితం చెప్పినట్టు దాన్ని ఇంకా త్వరగా చంపితే? మోతాదు ఎంత, చికిత్సకు ముందా తరువాతా, రాత్రా పగలా అన్నవి ఒక్కొక్కటీ వేరు ప్రశ్నలు. రోగుల అనుమతితో, మొదట ఎలుకల్లో కాదు, తీసేసిన మనిషి థైరాయిడ్ ముక్కల్లో, మామూలు కణాన్నీ క్యాన్సర్ కణాన్నీ పక్కపక్కన పెట్టి, రక్తంలో నిజంగా ఉండే గాఢతల దగ్గర కొలవాలి. ఆపరేషన్ థియేటర్ నుంచి పెథాలజీ గదికి వెళ్ళే ముక్కలు ఈ కళాశాలలో ఎప్పుడూ ఉంటాయి. నైతిక సంఘం అనుమతి తీసుకోండి. ముందు పెరాక్సైడ్‌ను కొలవడం నేర్చుకోండి. మెలటోనిన్ తరువాత కొనుక్కోవచ్చు.